పురుగుకు పేరు పెట్టేవాడేడీ?

ఈ వారం కంచికచర్లలో ఒక పురుగుమందుల కొట్టు దగ్గర విన్న బేరం ఇది. ‘తాటాకు తెగులొచ్చింది బాబాయ్, మంచి మందేదన్నా ఇవ్వు’ అన్నాడు రైతు. తెగులన్నాడు గనక కొట్టాయన తెగులు మందు డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. రైతు డబ్బులిచ్చి బండెక్కాడు. ఇద్దరూ శుభ్రమైన తెలుగే మాట్లాడుకున్నారు. ఒకటే చిక్కు. తాటాకు తెగులు తెగులు కాదు, పురుగు. బూజును చంపే మందు దాన్నేం చేస్తుంది?

నారుమడిలో ఆకు వంచి చూస్తే కనిపిస్తుంది. అర సెంటీమీటరు పెంకు పురుగు. నీలం కలిసిన నలుపు, వీపు నిండా ముళ్లు. ఆకు మీద పచ్చదనాన్ని నిలువునా గీకి తింటుంది, అందుకే ఆ తెల్లచారలు. దాని పిల్లపురుగు ఆకు రెండు పొరల నడుమ దూరి లోపల్నుంచి తొలుచుకుపోతుంది. గుడ్లు ఎక్కువగా ఆకు కొనల్లోనే ఉంటాయి గనక నాటేముందు నారు కొనలు తుంచెయ్యమని చెబుతారు. పైసా ఖర్చులేని పని. కానీ వచ్చింది పురుగని తెలిసినవాడికే ఆ పని గుర్తొస్తుంది.

దీనికి 1808లో ఒలివియే అనే ఫ్రెంచాయన ‘హిస్పా ఆర్మిజెరా’ అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్లు పరీక్షించి ‘డిక్లాడిస్పా ఆర్మిజెరా’గా మార్చారు. శాస్త్రజ్ఞులు పెట్టే పేర్లు మన పేర్లలాగే ఉంటాయి, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. సొంత పేరు నిలిచింది, ఇంటిపేరు మారింది. మన పత్తినీ మిరపనీ గుల్ల చేసిన శనగపచ్చ పురుగు సొంత పేరూ ఆర్మిజెరాయే, ఆయుధాలు మోసేదని అర్థం. ఇంటిపేరు మాత్రం హెలికోవర్పా. అది రెక్కలపురుగు, ఇది పెంకు పురుగు, ఏ చుట్టరికమూ లేదు.

తాటాకు తెగులు పురుగు చేరే ఆకు పెంకు పురుగుల కుటుంబాన్ని క్రైసోమెలిడే అంటారు. ఇప్పటికి పేరు పెట్టినవే 35 వేల జాతులకు పైమాట. పొట్ల, సొర, దోస మొలకల్ని జల్లెడ చేసే ఎర్ర గుమ్మడి పెంకు పురుగు ఇందులోదే. పాత పుస్తకాల్లో అది ‘రాఫిడోపాల్పా’, కొత్త పుస్తకాల్లో ‘ఆలకోఫోరా’. డబ్బాలో పెసలకు పట్టే పుచ్చుపురుగు కూడా ఈ ఇంటిదేనంటే మా ఇంట్లో నమ్మలేదు. ఆకు ముట్టదు, గింజలోనే పుట్టి గింజనే తింటుంది. చాలాకాలం దాన్ని వేరే కుటుంబంగానే లెక్కవేశారు. ఒంటి నిర్మాణం, ఆ తర్వాత జన్యువులు చూశాక తెచ్చి ఇందులో కలిపారు. ఏం తింటుందన్నది కాదు, ఎవరి సంతానమన్నది ముఖ్యం.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు వయ్యారిభామను చూపిస్తాను. రోడ్డు వారల్నీ బీళ్లనూ ఆక్రమించిన ఆ కలుపును తినడానికి మెక్సికో నుంచి ‘జైగోగ్రామా బైకలోరాటా’ అనే ఆకు పెంకు పురుగును తెప్పించి 1984లో బెంగళూరులో వదిలారు. కొన్నేళ్లకు కర్ణాటకలో అది పొద్దుతిరుగుడు మీద వాలిందని గగ్గోలు పుట్టింది. వయ్యారిభామా పొద్దుతిరుగుడూ ఒకే కుటుంబపు మొక్కలు గనక భయం అకారణం కాదు. వదిలిన పురుగు ఏదో, తినే మొక్కలేవో రాసిపెట్టి ఉన్నాయి కాబట్టే తర్కించుకోగలిగారు. ఊరూపేరూ లేని పురుగైతే ఆ వాదన ఎక్కణ్నుంచి మొదలుపెట్టేవాళ్లు?

ఇక పేరు పెట్టేవాళ్లే కరువన్న నా పాత పాటకు వస్తాను. మన దేశపు ఆకు పెంకు పురుగుల మీద పెద్ద పుస్తకాలు బ్రిటిష్ కాలానివే. 1908లో జాకోబీ ఒక సంపుటం రాశాడు. తర్వాత 1919, 1926, 1936లో సమరేంద్ర మౌలిక్ అనే బెంగాలీ పండితుడు లండన్ మ్యూజియంలో కూర్చుని మూడు రాశాడు. ఇవాళ పరిశోధన మొదలుపెట్టేవాడు కూడా వాటినే తెరవాలి. మన కాలంలో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.డి. ప్రతాపన్ లాంటి కొద్దిమంది ఉన్నారు. ఆయన బృందం 2013లో వర్ణించిన రెండు బుల్లి పురుగులు ఆకుకు పడ్డ చిల్లునే ఇల్లు చేసుకుంటాయి. ఒకదానికి నేరేడు జాతి పేరు, ఇంకోదానికి మద్ది జాతి పేరు పెట్టారు, అవి తినే చెట్లని బట్టి. ఆ ప్రతాపనే 2018లో ‘సైన్స్’ పత్రికలో మరికొందరితో కలిసి మొత్తుకున్నాడు, జీవవైవిధ్యాన్ని కాపాడే చట్టాలే దాన్ని చదివేవాడి కాళ్లకు అడ్డం పడుతున్నాయని. మన 2002 చట్టంలో అనుమతి లేకుండా విదేశీయుడికి నమూనా అందితే అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జైలు తీసేసి జరిమానా పెట్టారు. చచ్చిన పురుగును పోల్చి చూడమని లండన్ పంపేవాడూ, వేపమీద పేటెంట్ కొట్టెయ్యాలనుకునేవాడూ ఒకే గాటన పడ్డారు. పురుగుల్ని చంపే పరిశోధనకు డబ్బుంది, ప్రమోషనుంది. పేరు పెట్టే పరిశోధనకు రెండూ కరువే.

గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు తలుచుకుంటే ఒక అద్దాల పెట్టెలో పాతిక పురుగులు గుచ్చి, కింద తెలుగు పేరు, అసలు పేరు రాసి, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మార్కెట్ యార్డుల్లో పెట్టలేరా? రైతు కాయ తెచ్చిన రోజే పురుగునూ చూసిపోతాడు. లక్షల ఖర్చేం కాదు.

అన్నట్టు, పురుగు పేరు మార్చడానికి ఎంత తతంగమో చూడండి. 1758 నుంచి అచ్చయిన పేర్లలో ముందుదే చెల్లుతుంది. మార్చాలంటే కారణం రాసి అచ్చెయ్యాలి, కొట్టేసిన పాత పేరును కూడా జాబితాలో ఉంచాలి. మా కంచికచర్ల వైపు వాళ్లను మాత్రం 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి కృష్ణా జిల్లా లోంచి తీసి ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరేమో కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. ఆ మహానుభావుడి మీద గౌరవం లేక కాదు, పేరు పెట్టేటప్పుడు ఆయన ఊరెక్కడుందో ఒకసారి మ్యాపు చూస్తే పోయేదేముంది? నా ఆధార్‌లో ఇంకా కృష్ణా జిల్లాయే ఉంది. మార్చుకోమని కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు చెప్పింది. కారణం ఎవరన్నా రాసిస్తే మార్చుకుంటాను.