గాలికాలంలో సైకిలు దిగితే నామోషీ ఏముంది?

ఆషాఢం వచ్చిందంటే మన మెట్ట రైతుకు పదును ధ్యాసే గాని గాలి ధ్యాస ఉండదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ పడమటి గాలిని నమ్ముకునే. అంతటి గాలిలో వెనక నిలువెత్తు సొప్పమోపు, హ్యాండిల్‌కు పాలక్యాను తగిలించుకుని సైకిలెక్కుతాం. నేనూ అలాగే వెళ్లి కల్వర్టు దగ్గర పడ్డాను. పాలు నేలపాలు. మోకాలు వాచి, విత్తనం వేళకు వారం రోజులు మంచం మీదున్నాను. తొక్కడం రాక కాదు, దిగడానికి నామోషీ పడి!

గాలి వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలవుతుంది. మోపు ఎంత ఎత్తుంటే అంత తొందరగా పక్కకు ఒరుగుతుంది. సగం మోపే కట్టి రెండుసార్లు తిరగండి. రెండు పక్కలా సమంగా, కిందికి దించి, పాత ట్యూబుతో బిగించండి. క్యాను హ్యాండిల్‌కు వద్దే వద్దు. అది ఊగితే చక్రం కూడా తిరుగుతుంది.

ఇంకో సంగతి గమనించారా? పడమటి గాలిలో ఉత్తరానికి పోతుంటే, ఎడమ పక్కన తొక్కే మనల్ని గాలి రోడ్డు మధ్యకే తోస్తుంది. దక్షిణానికి పోయేటప్పుడు మార్జిన్‌లోకి తోస్తుంది, అది కొంత నయం అనుకుంటాం. కానీ అప్పుడు కుడిపక్క నుంచి బస్సు దాటితే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. గాలికి ఎదురు ఒరిగి తొక్కుతున్న మనం బస్సు వైపే ఒరుగుతాం. బస్సు పోగానే మళ్లీ గాలి దెబ్బ. అందుకే వెనక హారన్ వినబడితే మెల్లగా ఎడమకు తీసి దిగండి. కల్వర్టులు, చెరువు కట్టలు, చెట్ల వరస తెగిన చోట్లు నడిచే దాటండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకండి.

దిగమంటే సరే, దిగడానికి చోటేదీ? తారు మీద తారు వేసి అంచున మట్టి పోయకుండా వెళ్లిపోతారు. జానెడు లోతుకు చక్రం జారితే గాలి కూడా అక్కర్లేదు. దీన్ని గ్రామసభలో అడగాలి.

అసలు మనల్ని దిగనివ్వనిది పాలకేంద్రం వేళ. ఐదు నిమిషాలు ఆలస్యమైతే పాలు వెనక్కే. గాలి ఎక్కువున్న ఈ రెండు నెలలు అరగంట గడువివ్వమంటే కేంద్రానికి వచ్చే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. ఒక్కరు అడిగితే వినరు. పాలు పోసే వాళ్లందరూ కలిసి ఈ వారమే వెళ్లి అడగండి. అంతవరకు ఇంట్లోనే అరగంట ముందు పాలు పితకండి.