అట్టముక్కల మంచుపల్లె

అరచేతిలో నిలిచే ఇల్లు అది. గోడలు అట్ట, కిటికీలకు ఎర్రని, పసుపుపచ్చని సెల్లోఫేన్ కాగితం, పైకప్పు మీద తెల్లరంగు, ఆ రంగు తడిగా ఉండగానే చల్లిన కాకిబంగారపు పొడి. వాకిట్లో నిలుచున్న చెట్టు నిజానికి రంగులో ముంచి ఆరబెట్టిన నేతిబీర పీచు. చుట్టూ అగ్గిపుల్లలంత సన్నని దడి. వెనుకగోడకు వ్రేలు దూరేటంత కన్నం ఉంటుంది. అందులో చిన్న విద్యుద్దీపం దూర్చి, గదిలో తక్కిన దీపాలు ఆర్పివేస్తే, మంచు కప్పిన పల్లెలో ఎవరో ఒకరు ఇంకా మేలుకొని ఉన్నట్లు తోస్తుంది.

1920ల చివరినుంచి ఇటువంటి ఇళ్ళు జపానులో తయారై, ఓడలలో అమెరికా చేరి, క్రిస్మస్ దినాలలో కొద్ది సెంట్లకు అమ్ముడుపోయేవి. ఒక పండుగ గడిస్తే చాలుననుకొని చేసిన వస్తువులు. వాటిని ఈనాడు అమెరికాలో పలువురు కొలతకు కొలత, రంగుకు రంగు సరిపోలేటట్లు తమ చేతులతో తిరిగి కడుతున్నారు. కొందరికి అది శీతకాలపు కాలక్షేపం. మరి కొందరి విషయంలో దానిని పురావస్తు శోధన అనడమే సబబు.

ఈ వేడుకకు మూలం మాత్రం జపానులో లేదు. మధ్య ఐరోపానుంచి వలసవచ్చిన మొరేవియన్ క్రైస్తవులు 1741లో పెన్సిల్వేనియాలో ఒక ఊరు కట్టుకొని, ఆ ఏడు క్రిస్మస్ ముందురాత్రి దానికి బెత్లెహేము అని పేరు పెట్టుకొన్నారు. (లడఖ్‌లోని లేహ్ పట్టణంలో 1885లో మిషన్ నెలకొల్పినది కూడ ఈ శాఖవారే.) క్రీస్తు జనన ఘట్టాన్ని నాచు, రాళ్ళు, ఎండుకొమ్మలు, కొయ్యబొమ్మలతో ఇంట్లో తీర్చిపెట్టడం వారి ఆచారం. దానిని వారు ‘పుట్జ్’ అన్నారు. అలంకరించడం అనే అర్థంగల జర్మన్ క్రియనుంచి వచ్చిన మాట అది. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే తెలుగిళ్ళవారికి దీనిని విడమరిచి చెప్పనక్కరలేదు. కొలువులో దేవతామూర్తుల సరసన కూరగాయల అంగడి, పెళ్ళి ఊరేగింపు, పల్లెటూరి బావి వచ్చి చేరినట్లే, పుట్జ్‌లోను పశువులపాక చుట్టూ క్రమంగా ఇళ్ళు, చర్చి, వంతెన, అద్దంముక్కతో చేసిన చెరువు చేరినవి. విద్యుత్తుతో నడిచే బొమ్మరైళ్ళు వచ్చిన తరువాత క్రిస్మస్ చెట్టు మొదట పట్టాలు, పట్టాల వెంబడి ఒక ఊరు ఉండడం ఎన్నో కుటుంబాలలో ఆనవాయితీ అయినది. ఊరన్న తరువాత ఇళ్ళు కావాలి. అవి చవుకగా దొరకాలి.

చవుక సరుకు అమ్మే విద్యలో ఆరితేరినవాడు ఎఫ్. డబ్ల్యు. వూల్‌వర్త్. ఏ వస్తువైనా ఐదు సెంట్లు, లేదా పది సెంట్లు అనే పద్ధతిపై ఆయన నడిపిన దుకాణం అదే పెన్సిల్వేనియాలో లాంకాస్టర్‌లో 1879లో నిలదొక్కుకొన్నది. ఆయన 1919లో మరణించే నాటికి అటువంటి దుకాణాలు దేశమంతటా వెలిసినవి. జపాను అట్ట ఇళ్ళు ఇటువంటి దుకాణాల బల్లలమీద పరిచి అమ్మినవే. 1929 తరువాతి ఆర్థికమాంద్యంలో కూడ ఒక తండ్రి ఏటికి ఒక ఇల్లు చొప్పున కొని పిల్లలకు ఊరు పెంచగలిగేవాడంటే, ఆ ధరే కారణం.

1890నాటి అమెరికా సుంకాల చట్టం విదేశీ సరుకుపై తయారైన దేశం పేరు ఉండితీరాలని విధించింది. అందువల్ల ఇళ్ళ అడుగున ‘జపాన్’ అన్న ముద్ర ఉంటుంది. అంతకు మించి ఏమీ ఉండదు. కట్టినవారి పేరు లేదు, ఊరు లేదు. అధికభాగం కుటీర పరిశ్రమగా సాగిన పని అది. కత్తిరించిన చేయి ఒకటి, బంక పూసిన చేయి వేరొకటి కావచ్చు. నూటికి ఒక్కరైనా క్రైస్తవులు లేని దేశంలో కూర్చుని, అమెరికా వర్తకుల కోరికపై, తాము ఎన్నడూ చూడని పల్లెను వారు కట్టారు. కాబట్టే ఆ ఇళ్ళు ఏ దేశపువీ కావు. కప్పు ఆల్ప్స్ కొండలది, దడి ఏదో తోటది, రంగులు మాత్రం ఎక్కడా లేనివి: గులాబిరంగు గోడకు నీలి తలుపు, పక్కన నారింజరంగు పొగగొట్టం. ఇదంతా పొరపాటు అనేవారు ఉన్నారు. కాని ఆ పొరపాటు లేకపోతే ఈనాడు వాటికోసం ఇంత ఆరాటం ఉండేది కాదేమో.

ఆ వర్తకం ఎక్కువ కాలం నిలవలేదు. 1937లో చైనాపై జపాను పూర్తిస్థాయి యుద్ధానికి దిగిన తరువాత జపాను సరుకును బహిష్కరించాలన్న ఉద్యమం అమెరికాలో సాగింది. 1941లో వర్తకమే ఆగిపోయింది. యుద్ధానంతరం, 1952 వరకు, ‘ఆక్రమిత జపానులో తయారైనది’ అన్న ముద్రతో కొంత సరుకు వచ్చింది గాని, అప్పటికే ప్లాస్టిక్ ఇళ్ళు రంగప్రవేశం చేసినవి. 1976 నుంచి దీపం వెలిగే పింగాణీ ఇళ్ళు సంపన్నుల అల్మారాలకు ఎక్కినవి. అమెరికాలో వూల్‌వర్త్ దుకాణాలు సైతం 1997లో మూతపడినవి. అట్ట ఇళ్ళు అటకలమీద ఎలుకలకు, చెమ్మకు మిగిలినవి.

తిరిగి కట్టాలనుకొన్నవారికి మొదటి చిక్కు కొలతలు. అసలు నమూనా పటం అంటూ ఏదీ వారి చేతికి రాలేదు. దర్జీకి ఆది చొక్కా ఇచ్చినట్లు, పాత ఇల్లే ఆది. నిక్షేపంగా ఉన్న ఇంటిని ఎవరూ విప్పరు, కొలబద్దతో సరిపెట్టుకొంటారు. తడిసి, గోడ కూలిన ఇల్లు దొరికితే మాత్రం పండుగే. సన్నగా ఆవిరి పట్టి జిగురు సడలించి, ఒక్కొక్క గోడను బల్లమీద పరిచి చూస్తే, నాలుగు గోడలూ ఒకే అట్టముక్కనుంచి మడిచినవని, అతుకు ఒక్క మూలనే ఉన్నదని, ఆ మూల ఎప్పుడూ చూసేవారి కంట పడని వైపే ఉన్నదని తెలిసివస్తుంది. అట్ట వృథా కాకుండా, కాలం వృథా కాకుండా పనిచేసినవారి తెలివి అది. పుస్తకంలో చదివితే రాదు. విప్పినవారికి, మళ్ళీ మడిచినవారికి తెలుస్తుంది.

రంగు సంగతి ఇంతకన్న ఆసక్తికరం. తొంభై ఏళ్ళ వెలుగుకు గులాబి తెల్లబడుతుంది, ఊదా బూడిదవుతుంది. అసలు రంగు ఏదో తెలుసుకోవాలంటే వెలుగు సోకని చోటు వెతకాలి: చూరు క్రింద, దడి అంటించిన పట్టీ క్రింద, అన్నిటికన్న నమ్మకంగా, ఊడిపోయిన పొగగొట్టం అడుగున. అక్కడ చిటికెన గోరంత మేర ఆనాటి రంగు ఆనాటిలాగే ఉంటుంది. దాని పక్కన తమ రంగు పెట్టి, పగటి వెలుగులో చూసి, కలిపి, మళ్ళీ చూస్తారు.

సామగ్రికి ఖర్చు స్వల్పం. వ్రాతపుస్తకాల వెనుక అట్ట, కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట సరిపోతుంది. అయితే అట్టకు కూడ కొయ్యకు వలె ఒక వాలు ఉంటుంది. వాలు వెంట మడిస్తే గీత పదునుగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పొరలు చిట్లుతాయి. మడిచేచోట కత్తి వీపుతో గీటు పెట్టుకోవాలి. కిటికీలు, తలుపు అట్ట పరిచి ఉన్నప్పుడే కోయాలి; గోడ నిలబెట్టిన తరువాత కోయబోతే గోడ నలుగుతుంది. ఒక పక్కనే నీటిరంగు పూస్తే గోడ వంగుతుంది గనుక, అనుభవజ్ఞులు ముందుగా రెండు వైపులా షెల్లాక్ పూసి ఆరబెడతారు. సెల్లోఫేన్ లోపలినుంచి అంటించి, దానికి బంక మరక లేదని చూసుకొని, అప్పుడు గాని ఇంటిని పీఠం మీద కూర్చోబెట్టరు. ఈ వరుస తప్పితే మొదటికి రావలసిందే.

మంచు విషయంలో అభిప్రాయ భేదాలు ఉన్నవి. పాత ఇళ్ళ కప్పులమీద ఉన్నది అభ్రకపు రేకులు. గూడూరు ప్రాంతంవారు చిన్ననాట ఏరుకొని ఆడుకొన్న ఖనిజమే. కొన్నిటిమీద వెండిపూత గల గాజుపొడి కూడ ఉన్నది. అది ఏళ్ళు గడిచిన కొద్దీ నల్లబడుతుంది. నేటి ప్లాస్టిక్ మెరుపుపొడి నల్లబడదు. దాని మెరుపంతా ఒకే తీరు. అంగడిలో సులభంగా దొరికే పొడిని కాదని అభ్రకం తెప్పించుకొనేవారిది చాదస్తమని తోచవచ్చు. రెండు కప్పులను దీపం క్రింద పక్కపక్కన పెట్టి చూస్తే వారి పక్షమే న్యాయమనిపిస్తుంది.

దీపంలో మాత్రం పాతదాని కోసం పట్టుబట్టడం అవివేకం. ఆనాటి వరుసలో ఎనిమిది దీపాలు, ఒక్కొక్కటి 15 వోల్టులది, ఒకే తీగపై ఒకదానివెంట ఒకటి ఉండేవి. ఒకటి ఆరితే ఎనిమిదీ ఆరేవి; ఇంటాయన నిచ్చెనమెట్టుపై కూర్చుని ఏది చెడిందో వెతకడం పండుగలో భాగం. అవి వేడెక్కేవి. అట్ట ఇంట్లో వేడి దీపం పెట్టి రాత్రంతా వదిలివేయడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. నేటి ఎల్‌ఇడి దీపాల వేడి స్వల్పం. ఆ వెలుగు తెల్లగా, కొంచెం కఠినంగా ఉంటే, దానిపై లేత పసుపురంగు పూసి మెత్తబరుస్తారు.

అసలు వివాదం ఇల్లు పూర్తయిన తరువాత మొదలవుతుంది. కొందరు కొత్త ఇంటికి తేనీటి డికాషను పూసి, అంచులు రుద్ది, పాతదనం తెప్పిస్తారు. అమ్మమ్మగారి చెట్టు క్రింద చూసిన ఇల్లు అలాగే ఉండేదని వారి వాదన. కాని ఆ అమ్మమ్మ 1932లో కొన్ననాడు ఇల్లు అలా లేదు. గులాబి గులాబిగానే ఉన్నది. మరొక చిక్కు కూడ ఉన్నది. అట్ట ఇళ్ళకు నేడు సేకర్తల వద్ద మంచి ధర పలుకుతున్నది. తేనీరు పూసిన అనుకరణ చేతులు మారి పాతసామాను అంగడికి చేరిందంటే, కట్టినవారు ఎంత నిజాయితీపరులైనా, అది అబద్ధమాడడం మొదలుపెడుతుంది.

దీనికి విరుగుడుగా చాలామంది ఇంటి అడుగున తమ పేరు, కట్టిన సంవత్సరం వ్రాస్తారు. అంటించిన చీటీ అయితే ఊడదీయవచ్చు. అట్టమీద సిరాతో వ్రాసినా పైన కాగితం అంటించి కప్పవచ్చు. అందుచేత మరింత జాగ్రత్తగలవారు గోడలు మడవకముందే, లోపలివైపున, కిటికీకి కొంచెం ఎగువగా వ్రాస్తారు. పైనుంచి చూస్తే కనిపించదు. వెనుక కన్నంలోంచి దీపం తీసివేసి, కన్ను ఆనించి చూస్తే పేరూ సంవత్సరమూ కనిపిస్తాయి.