డబ్బా మీద 5000 వాట్స్, లోపల ఎన్ని? స్పీకర్లు కొనేముందు ఒక్క నిమిషం

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న కొత్త హోమ్ థియేటర్ చూపించారు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో '5000 వాట్స్ పీఎమ్‌పీఓ' అని ఉంది. షాపులో పక్కనే 40 వాట్స్ సెట్ ఉంటే, అది చిన్నదని వదిలేసి ఇది తెచ్చుకున్నారట. వాల్యూమ్ సగం దాటగానే గరగర. బేస్ దడదడలాడుతోంది కానీ సినిమాలో మాటలు వినపడట్లేదు.

వెనక్కి తిప్పి స్టిక్కర్ చూశా. అది తీసుకునే కరెంటు 60 వాట్స్. 60 తీసుకుని 5000 ఎక్కణ్ణుంచి ఇస్తుంది? ఆ మాట నాన్నతో అనలేకపోయా. ఆయన తప్పేం లేదు, డబ్బా మీద రాసింది నమ్మారు, అంతే.

పీఎమ్‌పీఓ అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. దీన్ని ఇలాగే కొలవాలి అని అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. ఒక్క క్షణంలో వచ్చే పవర్‌ని ఎలా కావాలంటే అలా లెక్కేసి అంకె వేసేయొచ్చు. మనం చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్, అంటే ఆంప్లిఫైయర్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. దాని పక్కన డిస్టార్షన్ ఎంతో కూడా చూడండి. 10 శాతం దగ్గర కొలిచిన అంకె, 1 శాతం దగ్గర కొలిచిన దానికంటే పెద్దగానే కనిపిస్తుంది.

సరే, ఆర్‌ఎమ్‌ఎస్ డబుల్ అయితే సౌండ్ డబుల్ అవుతుందా? అవ్వదు. వాట్స్ రెట్టింపు అయితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. అందుకే స్పీకర్ సెన్సిటివిటీ ముఖ్యం. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందో చెప్పే అంకె ఇది. 87 డెసిబెల్స్ స్పీకర్‌కి 20 వాట్స్ ఇస్తే వచ్చే సౌండ్, 84 డెసిబెల్స్ స్పీకర్‌కి 40 వాట్స్ ఇస్తే వచ్చేదీ ఒకటే.

మిగతావి ఈజీనే. 5.1.2లో మొదటి అంకె చుట్టూ ఉండే స్పీకర్లు, రెండోది సబ్‌వూఫర్, మూడోది పైనుంచి సౌండ్ వచ్చేలా చేసేవి. సౌండ్‌బార్ కేబుల్‌ని టీవీలో ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎమ్ఐ పోర్టుకే పెట్టండి. వేరే పోర్టులో పెడితే టీవీ సౌండ్ బార్‌కి వెళ్లదు.

"స్పెక్స్ ఎందుకు బ్రో, చెవితో విని కొనుక్కో" అంటారు కొందరు. కరెక్టే, కానీ ఆన్‌లైన్‌లో ఎలా వింటాం? అక్కడ మనకి కనిపించేది ఆ అంకె ఒక్కటే. అమెరికాలో ఇంటి ఆంప్లిఫైయర్ల పవర్‌ని ఎలా కొలిచి చెప్పాలో 1974లోనే రూల్ పెట్టారు. నా అభిప్రాయం ఒకటే: మన దగ్గర కూడా డబ్బా మీద పీఎమ్‌పీఓ వేయనివ్వకూడదు. ఆర్‌ఎమ్‌ఎస్, డిస్టార్షన్ రెండూ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఇంట్లో ఎవరైనా స్పీకర్లు కొంటామంటే, డబ్బులు కట్టే ముందు వెనకాల స్టిక్కర్‌ని ఫొటో తీసి పంపమనండి. నేను నాన్నకి ఆ ముక్క ముందే చెప్పుంటే ఇప్పుడు అమ్మ సీరియల్‌లో మాటలు వినపడేవి.