ప్రేరణ ఎవరి చేతిలో ఉన్నది?

కూటి కొరకే కోటి విద్యలు అని మన పెద్దలు ఒక్క మాటలో తేల్చివేశారు. కూడు దొరికిన తరువాత కూడా మనిషి ఒక పనిని ప్రాణం పెట్టి చేయడం, మరొక పనిని మొక్కుబడిగా ముగించడం ఎందువల్లనని అడిగినవారు గత శతాబ్దంలో బయలుదేరారు. వారి పేర్లు మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు కంఠస్థమే. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న గనుక మాస్లో పిరమిడ్‌ను కన్నులు మూసుకొని గీయగలరు. గీయడం తప్పని మేము అనము. ఆ సిద్ధాంతాలను ఎవరి పక్షాన నిలిచి చదువుతున్నామన్నదే మా సందేహం.

ముందుగా ఆ పిరమిడ్ సంగతి. అబ్రహాం మాస్లో 1943లో ప్రకటించిన వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేనే లేదు. అది తరువాతి మేనేజిమెంటు రచయితలు కట్టిన కట్టడం. ఆకలి, భద్రత, ఆత్మీయత, గౌరవం, స్వశక్తి పరిపూర్తి అని ఐదు అవసరాలను ఆయన వరుసగా చెప్పిన మాట నిజమే. అయితే ఒకటి సంపూర్ణంగా తీరితేనే గాని రెండవది తల ఎత్తదని ఆయన అనలేదు. సామాన్యునికి ఆకలి నూటికి 85 పాళ్ళు, భద్రత 70, ఆత్మీయత 50, గౌరవం 40, చివరిది 10 పాళ్ళు తీరుతుండవచ్చునని, కేవలం ఉదాహరణకని చెప్పి, అంకెలు వేసి చూపించాడు. అనగా కడుపు నిండని వానికి సైతం గౌరవం మీద ఆశ ఉంటుంది. పేదవానికి కూలి చాలు, మర్యాదతో పనిలేదనుకొనే యజమానులు ఈ పుటను చదివినట్లు లేదు. నిజామాబాదు ప్రాంతంలో ఇళ్ళ వద్ద బీడీలు చుట్టే స్త్రీలను అడిగి చూడండి. వెయ్యికి ఇంత అని కట్టే కూలి చాలదన్న బాధ ఒకటి. చుట్టి తెచ్చిన కట్టలను నలుగురి ఎదుట విప్పి, బాగులేవని పక్కకు నెట్టినప్పటి బాధ వేరొకటి. మొదటిది తీరలేదు కదా అని రెండవది ఆగి కూర్చోదు.

చికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1924 నుండి 1932 వరకు జరిగిన పరిశీలనలకు మన పాఠ్యపుస్తకాలు పెద్దపీట వేశాయి. టెలిఫోను పరికరాలు అమర్చే ఐదుగురు యువతులను వేరు గదిలో కూర్చుండబెట్టి, విశ్రాంతి వేళలను మార్చి మార్చి చూశారు. ఉత్పత్తి పెరిగింది. తమను పట్టించుకొనేవారు ఉన్నారన్న తృప్తియే అందుకు కారణమని ప్రచారమైంది. వారి కూలిని ఆ చిన్న బృందపు ఉత్పత్తికే ముడిపెట్టిన సంగతి, మాటలు ఎక్కువయ్యాయని వారిలో ఇద్దరిని 1928లో తొలగించి వేరే ఇద్దరిని తెచ్చిన సంగతి పాఠంలో అరుదుగా కనిపిస్తాయి. మాకు అంతకంటె ఆసక్తి కలిగించింది 1931-32లో పద్నాలుగు మంది పురుషులు పనిచేసిన మరొక గది. రోజుకు ఇంత పని అని వారు తమలో తామే ఒక హద్దు పెట్టుకొన్నారు. ఎవడైనా అత్యుత్సాహంతో ఆ హద్దు దాటితే తోటివారు వాని భుజం మీద ఒక పోటు పొడిచేవారు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారు, లేదా ఎవరికో ఉద్యోగం పోతుంది అని వారి భయం. అప్పటికి ఆర్థిక మాంద్యం దేశమంతటా అలముకొని ఉన్నది. దీనిని సోమరితనం అనగలమా? పెరిగిన ఫలితం ఎవరికి పోతుందో నిర్ణయించే అధికారం తమ చేతిలో లేదని ఎరిగినవారి లౌక్యం అది.

ఇంత దూరపు కథలు మనకెందుకు అనేవారు కాకినాడకు రావచ్చును. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ తోడ్పాటుతో కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించాడు. ఏదైనా సాధించాలనే కాంక్షను పెద్దవారిలో సైతం పెంపొందించవచ్చునా అన్నది ప్రశ్న. బొమ్మలు చూపి కథలు వ్రాయించారు, మరీ సులభమూ మరీ అసాధ్యమూ కాని లక్ష్యాలను ఎంచుకొనడం అలవాటు చేశారు. తిరిగి వెళ్ళినవారు శిక్షణ పొందనివారి కంటె ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారని, పెట్టుబడి పెంచారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ప్రకటించిన గ్రంథం చెబుతున్నది. సంప్రదాయ విశ్వాసాలు ఇందుకు అడ్డు రాలేదట. పాత ఆచారాలే మన వెనుకబాటుకు మూలమని ఉపన్యసించేవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చును.

ఆ గ్రంథంలోనే మరొక మాట ఉన్నది. మార్పు ముఖ్యంగా కనిపించింది తమ వ్యాపారాన్ని తామే నడుపుకొనే వారిలో. నిర్ణయాధికారం లేనివారికి అదే శిక్షణ అంతగా ఉపకరించలేదు. మా దృష్టిలో కాకినాడ ప్రయోగానికంతటికీ ప్రాణం ఈ మాటలో ఉన్నది. కాంక్షను రగిలించి చేతులు కట్టివేస్తే మిగిలేది ఉక్రోషమే గదా.

మేము ఎరిగిన ఒక కళాశాలలో ఒక ప్రయోగశాల అటెండరు ఉండేవాడు. చెడిపోయిన తరాజులను సొంత స్క్రూడ్రైవరుతో బాగుచేసి పెట్టేవాడు. ఏ సీసా ఏ అలమరలో ఉన్నదో అధ్యాపకులకంటె ఆయనకే బాగా తెలుసు. ఒక సంవత్సరం తాళపుచెవులన్నీ ఆఫీసుకు చేర్చారు, ఏది తెరవవలసినా చీటీ వ్రాయించుకొని రావాలన్నారు. ఆయన చీటీ వచ్చేదాకా బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళకు బద్ధకస్తుడని పేరు వచ్చింది. తరువాత సిబ్బందిలో ఉత్సాహం తగ్గిందని గ్రహించి, ప్రేరణ గురించి ప్రసంగించడానికి ఒక పెద్దమనిషిని పిలిపించి శాలువ కప్పారు. అటెండరు ఆ సభకు కుర్చీలు వేశాడు.

1959లో హెర్జ్‌బర్గ్, పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లు, అకౌంటెంట్లు సుమారు 200 మందిని ప్రశ్నించి, జీతం అసంతృప్తిని తొలగించగలదే గాని తృప్తిని ఇవ్వలేదని సూత్రీకరించాడు. యాజమాన్యాలకు ఇది ప్రియమైన సూత్రం. ఆయన ప్రశ్నించినవారు నెల తిరిగేసరికి నిలకడగా జీతం అందుకొనేవారని గుర్తుంచుకోవాలి. ఆయన కూడా అసంతృప్తిని తొలగించనక్కరలేదని చెప్పలేదు. వేసవి రెండు నెలలు జీతం లేని తాత్కాలిక అధ్యాపకునికి ఆత్మతృప్తి గురించి చెప్పబోయేవారు ముందు ఆ రెండు నెలల సంగతి చూడాలి.

మైనారిటీ కళాశాలల నిధులు ఎంత పరిమితమో, కమిటీ పెద్దలు ఎన్ని గడపలు ఎక్కి దిగి చందాలు కూర్చవలసి వస్తుందో మాకు తెలియనిది కాదు. జీతాలు ఒక్కసారిగా పెంచడం సాధ్యం కాకపోవచ్చును. కాని ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. గ్రంథాలయానికి కొనే పుస్తకాల జాబితాను, అది ఉర్దూ విభాగమైనా తెలుగు విభాగమైనా, బోధించేవారే నిర్ణయించవచ్చును. టైంటేబులు వేసేటప్పుడు తాత్కాలిక అధ్యాపకులను కూడా కూర్చుండబెట్టవచ్చును. ప్రయోగశాల తాళపుచెవులు ప్రయోగశాలలో పనిచేసేవాని వద్దనే ఉండవచ్చును. వేసవి జీతం విషయం మాత్రం ఖర్చుతో కూడినదే. దానిని రాబోయే కమిటీ సమావేశపు అజెండాలో మొదటి అంశంగా చేర్చవలసిందిగా కోరుతున్నాము.