గీతకు అటొకటి, ఇటొకటి!

మా బావ ఏ వస్తువు కొనాలన్నా ముందు నోట్‌బుక్ తీస్తాడు. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఇంకొకటి. ఫ్రిజ్ అలాగే కొన్నాడు. వాషింగ్ మెషీనూ అలాగే కొన్నాడు. ‘నన్ను చేసుకునేముందు కూడా గీత గీసే ఉంటారు. అవతలివైపు ఎవరున్నారో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు’ అంటుంది మా అక్క.

ఈసారి గీతకు అటూ ఇటూ ఎక్కినవి రెండు కెమెరాలు. ఇంట్లో అందరి చేతుల్లో ఫోన్లుండగా కెమెరా ఎందుకని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. దానికో కథ ఉంది. కిందటేడు స్కూల్ వార్షికోత్సవంలో మా మేనకోడలు కూచిపూడి చేసింది. బావ హాల్లో మధ్య వరుసలో కూర్చుని ఫోన్లో రెండొందల ఫొటోలు తీశాడు. ముఖం మీద లైటు పడినచోట తెల్లటి మచ్చ, చేతులు ఉండాల్సినచోట పొగ. బామ్మ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి ‘ఇందులో మన పిల్ల ఎవరే?’ అంది. బామ్మకు మోకాళ్ల నొప్పులు. హాలుకు రాలేదు. ఆవిడ చూసేదల్లా ఫొటోల్లోనే.

ఈ ఏడు అమ్మాయి రంగప్రవేశం. చీటీ డబ్బు చేతికొచ్చింది. ‘ఏమోయ్, పేపర్లో పనిచేస్తున్నావుగా, నువ్వే తేల్చు’ అని బావ నోట్‌బుక్ నా ముందు పెట్టాడు. ఒకవైపు కెనాన్ ఈఓఎస్ ఆర్100. రెండోవైపు కెనాన్ ఈఓఎస్ ఆర్50.

అద్దం ఎక్కడికి పోయింది?

ముందుగా ‘మిర్రర్‌లెస్’ అంటే ఏమిటో చూద్దాం. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్స్ వెనక వాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చే వెలుగును అది పైకి మళ్లిస్తే మన కంటికి దృశ్యం కనిపిస్తుంది. బటన్ నొక్కగానే అద్దం లేచి పక్కకు తప్పుకుంటుంది, వెలుగు వెనకున్న సెన్సర్ మీద పడుతుంది. ఆ ‘టక్’ శబ్దంలో సగం దానిదే. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. వెలుగు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసేది మనకు తెర మీద కనిపిస్తుంది. అందుకే కెమెరా చిన్నదైంది, తేలికైంది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన పద్ధతి ఇది. కెనాన్ తన ఈఓఎస్ ఆర్ వరుసను 2018లో ప్రారంభించింది. మనం చెప్పుకుంటున్న ఆర్50ని 2023 ఫిబ్రవరిలో, ఆర్100ని అదే ఏడాది మే నెలలో ప్రకటించింది.

పైకి చూస్తే కవలలే

రెండింటినీ పక్కపక్కన పెడితే ఇంత తేడా ధర ఎందుకని ఎవరికైనా అనుమానం వస్తుంది. సెన్సర్ సైజు రెండింటికీ ఒకటే, ఏపీఎస్-సి. అంటే సుమారు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు. ఫోన్ సెన్సర్ కంటే చాలా పెద్దది. రెండూ 24 మెగాపిక్సెళ్లే. రెండింటితోనూ వచ్చేది అదే 18-45 మిల్లీమీటర్ల కిట్ లెన్స్. బ్యాటరీ అదే, ఎల్‌పీ-ఈ17. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్, లోపలే ఫ్లాష్, వైఫై, బ్లూటూత్ రెండింటికీ ఉన్నాయి. బ్యాటరీ, కార్డుతో కలిపి ఆర్100 బరువు 356 గ్రాములు. ఆర్50 బరువు 375. కిట్ లెన్స్ 130 గ్రాములు కలుపుకున్నా అర కిలో దగ్గర ఆగుతుంది.

‘చూశావా, 19 గ్రాముల తేడాకి అన్ని వేలా!’ అన్నాడు బావ.

తేడా గ్రాముల్లో లేదు.

తేడాలు ఇక్కడున్నాయి

మొదటిది తెర. ఆర్100 వెనక తెర కదలదు. దాన్ని తాకినా పలకదు. అన్నీ బటన్లతోనే చేసుకోవాలి. ఆర్50 తెర పక్కకు తెరుచుకుంటుంది, తిరుగుతుంది. ఎక్కడ ఫోకస్ కావాలో అక్కడ వేలు పెడితే చాలు. ఫోన్‌కు అలవాటుపడ్డ చేతికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది, అసలైనది, ఫోకస్. ఆర్100 మనుషుల ముఖాన్ని, కంటిని గుర్తుపడుతుంది. అంతవరకే. ఆర్50లో కెనాన్ తరవాతి తరం ఫోకస్ పద్ధతి ఉంది. అది మనుషులతోపాటు కుక్కలు, పిల్లులు, పక్షులు, వాహనాలను కూడా గుర్తించి, అవి కదులుతుంటే వెంటపడుతుంది.

మూడోది వేగం. కదిలే వస్తువు మీద ఫోకస్ మార్చుకుంటూ ఆర్100 సెకనుకు మూడున్నర ఫొటోలు తీస్తుంది. ఆర్50 మామూలు షట్టర్‌తో సెకనుకు 12 వరకు తీయగలదు. మువ్వల కాలు గాల్లో ఉన్న క్షణం ఆ మూడున్నరలో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. పన్నెండులో దొరికే అవకాశం ఎక్కువ.

నాలుగోది వీడియో. ఇద్దరి పెట్టె మీదా ‘4కె’ అనే రాసి ఉంటుంది. కానీ ఆర్100లో 4కె పెట్టగానే దృశ్యం చుట్టూ కత్తిరించుకుపోతుంది. ఇంటి హాల్లో పదిమందిని తీయాలంటే వెనక గోడ అడ్డమొస్తుంది. ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. ఆర్50లో 4కె పూర్తి వెడల్పుతో వస్తుంది. ఆర్100తో వీడియో తీసేవాళ్లు ఫుల్ హెచ్‌డీతో సర్దుకోవడమే మంచిది.

ఇక రెండింటికీ ఉమ్మడి లోటు ఒకటుంది. చెయ్యి వణుకును సరిదిద్దే ఏర్పాటు కెమెరా బాడీలో లేదు, కిట్ లెన్స్‌లో ఉంది. అయితే అది సరిదిద్దేది మన చేతి వణుకునే. ఎదుట అమ్మాయి గిర్రున తిరుగుతుంటే అది చేసేదేమీ లేదు.

బావ గీతలో లేని లెక్క

ఇంతవరకు విని బావ ఆర్50 పేరు చుట్టూ సున్నా చుట్టాడు. ‘ఆగు బావా, లెన్స్ లెక్క వేయలేదు’ అన్నాను.

లెన్స్ మీద ‘ఎఫ్’ పక్కన ఒక అంకె ఉంటుంది. దాన్ని కిటికీ అనుకోండి. అంకె పెరిగేకొద్దీ కిటికీ చిన్నదవుతుంది, లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది. కిట్ లెన్స్‌ను చివరిదాకా జూమ్ చేస్తే దాని కిటికీ ఎఫ్/6.3. కెనాన్‌లోనే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ ఒకటుంది. జూమ్ ఉండదు. దగ్గరికి కావాలంటే మనమే నడవాలి. కానీ ఎఫ్/6.3తో పోలిస్తే పన్నెండు రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది.

పన్నెండు రెట్లంటే ఏమిటో వేదిక మీద తెలుస్తుంది. నాట్యం చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు మాత్రమే తెరుచుకోవాలి. ఆ కొద్దిసేపట్లో కిట్ లెన్స్‌తో సరిపడా వెలుగు రాక ఐఎస్‌ఓ 12,800 పెట్టాల్సి వచ్చిందనుకుందాం. ఆర్100కి మామూలుగా అదే ఆఖరి మెట్టు. ఫొటో నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. అదే చోట ఎఫ్/1.8 లెన్స్ పెడితే ఐఎస్‌ఓ వెయ్యి చాలు. ఫొటో శుభ్రంగా వస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మన దగ్గర రేటు షాపుకో రకం, పండక్కో రకం. అందుకని అమెరికాలో విడుదల చేసినప్పటి ధరలు చూద్దాం. కిట్ లెన్స్‌తో ఆర్50 ఎనిమిది వందల డాలర్లు. అదే లెన్స్‌తో ఆర్100 ఆరు వందలు. 50 మిల్లీమీటర్ల లెన్స్ రెండు వందలు. కూడి చూడండి. ఆర్100కి ఆ లెన్స్ కలిపితే సరిగ్గా ఆర్50 ధర!

అంటే మనం పోల్చాల్సింది ఈ కెమెరానా, ఆ కెమెరానా అని కాదు. అదే డబ్బుకి మంచి కళ్లూ చిన్న కిటికీ కావాలా, మామూలు కళ్లూ పెద్ద కిటికీ కావాలా అని. బావ సున్నా చెరిపేశాడు.

షాపులో జతి

ఆదివారం షాపులన్నీ తెరవరని శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాం. షాపతను రెండు కెమెరాలూ బయట పెట్టాడు. బావ కౌంటర్ మీదున్న క్యాలెండర్‌ని ఫొటో తీశాడు. రెండింట్లోనూ ఒకేలా వచ్చింది. క్యాలెండర్ కదలదు కదా!

‘మామయ్యా, నేను చేస్తా’ అంది మేనకోడలు. ఉన్న ఆ నాలుగడుగుల చోటులోనే ఒక చిన్న జతి వేసి గిర్రున తిరిగింది. పక్క షాపువాళ్లు కూడా తొంగిచూశారు. అమ్మాయి ఎదురుగా నిలబడ్డంతసేపూ ఆర్100 ఫోకస్ గడి కంటి మీదే ఉంది. తిరిగి వెనక్కి వచ్చేసరికి తడబడి, వెనకున్న అట్టపెట్టెల మీదికి పోయి, మళ్లీ ముఖం వెతుక్కుంది. ఆర్50 వదల్లేదు. అయితే షాపు మూలకు, వెలుగు తక్కువగా ఉన్నచోటికి వెళ్లి మళ్లీ తిరగమంటే, కిట్ లెన్స్ ఉన్న ఆర్50లో కూడా చేతులు పొగలాగే వచ్చాయి.

అక్క అంతవరకు మాట్లాడలేదు. ఆర్50 తీసుకుని తెర తిప్పి, అమ్మాయి ముఖం మీద వేలు పెట్టింది. ఫొటో వచ్చింది. ‘దీనికి మీ నోట్‌బుక్ చదవక్కర్లేదు’ అంది. తరవాత షాపతన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ‘ఆ చిన్న లెన్స్ ఒక్కరోజుకి అద్దెకు దొరుకుతుందా?’

దొరుకుతుంది. పెద్ద ఊళ్లలో కెమెరాలూ లెన్సులూ అద్దెకిచ్చేవాళ్లున్నారు. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. లెన్స్ ఇవాళ అద్దెకు తెచ్చుకోవచ్చు, రేపు బోనస్ వస్తే కొనుక్కోవచ్చు. ఫోకస్ పద్ధతిని మాత్రం తరవాత విడిగా కొని కెమెరాలో బిగించలేం. అక్క ప్రశ్నతో గీత చెరిగిపోయింది. ఆర్50 బిల్లు వేయించాం.

మీకు ఏది?

ఇంట్లో పరుగెత్తే పిల్లలు, ఆటలు, నాట్యం, కుక్కపిల్ల ఉంటే, వీడియో ముఖ్యమైతే ఆర్50 తీసుకోండి. పెద్దవాళ్ల ఫొటోలు, పండగ ముగ్గులు, గుళ్లు, ఊళ్లు, అమ్మకానికి పెట్టే చీరలు, వంటలు తీసేవాళ్లకు ఆర్100 చాలు. మిగిలిన డబ్బుతో 50 మిల్లీమీటర్ల లెన్స్ కొనుక్కోండి. కదలని వాటికి వేగం అక్కర్లేదు, వెలుగు కావాలి.

కొనేముందు మరికొన్ని చూసుకోండి. ‘ఆర్50 వి’ అని 2025లో వచ్చింది వేరే కెమెరా. అది వీడియో కోసం చేసింది, దానికి వ్యూఫైండర్ లేదు. బిల్లు మీద పేరు సరిచూసుకోండి. అమెరికా నుంచి అబ్బాయితో తెప్పించుకునేవాళ్లు వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. ఇంట్లో పాత ఫ్లాష్ ఉంటే షాపుకు పట్టుకెళ్లండి. ఆర్50 మీద కొత్త తరహా ఫ్లాష్ షూ ఉంది, పాత ఫ్లాష్‌లకు అడాప్టర్ కావాలి. పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్ లెన్సులు పారేయకండి. అడాప్టర్ కొంటే ఈ రెండింటికీ పనికొస్తాయి. కార్డు, ఇంకో బ్యాటరీ, సంచి ఖర్చు ముందే లెక్కలో కలుపుకోండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరా దాచుకోవాలి. లేకపోతే లెన్స్‌కు బూజు పడుతుంది.

రంగప్రవేశం రోజు అద్దె లెన్స్ పెట్టుకుని బావ ముందు వరుసలో కూర్చున్నాడు. ఫ్లాష్ వేయలేదు. వేదిక మీద ఉన్న పిల్ల కళ్లలోకి ఫ్లాష్ కొట్టకూడదు. పుష్పాంజలి నుంచి వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయలేదు. సగం కార్యక్రమం అయ్యాక అక్క చెయ్యి చాచింది. ‘ఇటివ్వండి. మీ కూతురు నాట్యం మీరింకా చూడలేదు’ అంది. ఆఖర్న తరంగం. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అమ్మాయి వేదికంతా కదులుతుంటే బావ చేతులు కట్టుకుని చూశాడు. అక్క తెర మీద వేలు పెట్టి తీసింది.

మర్నాడు ఆరొందల ఫొటోల్లోంచి ఒకటి ఏరి ప్రింట్ తీయించి బామ్మ చేతిలో పెట్టారు. బామ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. ‘కాటుక కాస్త ఎక్కువైందే పిల్లకి’ అంది.

ఆ ఫొటో అక్క తీసిందే.