ముచ్చటపడితే చాలదు

చూపులకు మన ముంగిసను తలపించే ఫెరెట్‌ను ఇంగ్లండులో తరతరాలుగా కుందేళ్ల వేటకు వాడుతున్నారు. అక్కడా, అమెరికాలోనూ అది ముద్దుల పెంపుడు జంతువు కూడా. ముద్దు తీరాక వీధిపాలయ్యే ఫెరెట్లకు కొందరు తమ ఇళ్లలోనే శరణాలయాలు నడుపుతున్నారు.

వీరికి వాటిని సాకడం కంటె, వాటికి తగిన మనుషులను ఎంచడమే కష్టం. "మా అబ్బాయి ముచ్చటపడ్డాడండీ" అంటూ వచ్చేవారికి ప్రశ్నలు ఎదురవుతాయి. ఇంట్లో ఫ్లూ జ్వరం వస్తే ఏం చేస్తారు? అది మనుషుల నుంచి ఫెరెట్‌కు సోకుతుంది. (మానవ ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌ను లండన్ శాస్త్రజ్ఞులు 1933లో కనుగొన్నది ఫెరెట్ల సాయంతోనే!) రబ్బరు చెప్పులు ఎక్కడ విడుస్తారు? కొరికి మింగితే పేగులు మూసుకుపోతాయి. రోజుకు 14 గంటలకు పైగా నిద్రపోయే ప్రాణిని చూసి పిల్లవాడు విసుగుచెందడు గదా?

ఆడదానితో మరో చిక్కు. ఎదకు వచ్చి జతకూడకపోతే, ఆ ఎద వారాల తరబడి సాగి రక్తం క్షీణించి మరణించవచ్చు. అందుకే చాలాచోట్ల శస్త్రచికిత్స చేయించాకనే అప్పగిస్తారు.

ఒకరిని కాదని పంపినప్పుడల్లా ఒక గూడు ఖాళీ కాకుండా మిగిలిపోతుంది. మర్నాటి ఉదయానికే గుమ్మంలో అట్టపెట్టె ఒకటి కదులుతూ కనిపించవచ్చు.