పచ్చబొట్టు తిరిగొచ్చింది, బడిలోకి భాష రాలేదు

ఎస్కిమోలు అనగానే మనకు గుర్తొచ్చేది మంచు ఇల్లు, కుక్కల బండి. బడి పుస్తకంలో మనం చదివింది అంతే. అసలు ఆ పేరే వాళ్లు పెట్టుకున్నది కాదు, బయటోళ్లు తగిలించింది. వాళ్లు తమను ఇనూయిట్ అని చెప్పుకుంటరు. అంటే మనుషులు.

ఆ మనుషులకు కెనడా ప్రభుత్వం 1941 నుంచి నెంబర్లు వేసింది. వాళ్ల పేర్లు రాయడం, పలకడం అధికారులకు కష్టమైందట! మనిషికో బిళ్ల, దాని మీద అంకె. దాదాపు మూడు దశాబ్దాలు ఇదే తంతు. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకపోయి హాస్టల్ బడుల్లో వేశారు. అక్కడ సొంత భాష మాట్లాడితే శిక్ష. మతప్రచారకులు వచ్చి ఆడవాళ్ల పచ్చబొట్లు పాపమన్నారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి గొంతులోంచి పలికించే కటజ్జాక్ పాటనూ మాన్పించారు.

ఆ పచ్చబొట్టు సోకు కోసం వేసుకునేది కాదు. దీపం మసిలో, నూనెలో తడిపిన నరపు దారాన్ని సూదితో చర్మం కింద లాగేవారు. పిల్ల ఈడుకొస్తే గడ్డం మీద గీతలు పడేవి. చేతుల మీది గీతలు పనితనం చెప్పేవి. రెండు మూడు తరాల్లోనే అది దాదాపు కనుమరుగైంది.

ఇకాలుయిట్‌కు చెందిన యువ దర్శకురాలు అలీథియా అర్నాకుక్-బారిల్ ఊరూరా తిరిగి ముసలవ్వలను అడిగింది. చాలామంది నోరు విప్పడానికి జంకారు. తను పచ్చబొట్టు వేయించుకునేదాకా సాగిన ఆ వెతుకులాట 2010లో 'తున్నీత్' అనే సినిమా అయింది. 2016లో హోవాక్ జాన్‌స్టన్, ఆమె తోటివాళ్లు కుగ్లుక్టుక్ అనే ఊళ్లో ఆడవాళ్లకు మళ్లీ ఆ గీతలు దిద్దారు. ఇప్పుడు గడ్డం మీద గీతలతో ఉద్యోగాలకు పోయే ఇనూయిట్ అమ్మాయిలున్నారు. ఇది ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లతో మేం ఏకీభవించం. తాత మెడకు అంకె తగిలించినోళ్ల ముందు మనవరాలు తన ముఖం తనే రాసుకుంటున్నది.

ఒట్టావాలో 1985 నుంచి ఒక బడి నడుస్తున్నది. పేరు నునావుత్ సివునిక్సావుత్. ఇనూయిట్ యువత అక్కడ తమ చరిత్ర చదువుతరు, గొంతు పాట, డోలు ఆట నేర్చుకుంటరు, భూమి ఒప్పందంలో ఏముందో కూడా చదువుతరు. మాకు నచ్చింది ఇదే. పాట ఒక్కటే నేర్పితే స్టేజీ మీద ప్రదర్శనకు పనికొస్తది. ఒప్పందం కూడా తెలిసినోడే లెక్క అడుగుతడు.

అడగాల్సిన లెక్క పెద్దదే. ఏళ్ల తరబడి చర్చలు జరిపి 1993లో ఒప్పందం సాధించారు. 1999 ఏప్రిల్ 1న నునావుత్ వేరుపడింది. ఆ మాటకు 'మన నేల' అని అర్థం. జనాభాలో నూటికి 80కి పైగా ఇనూయిట్లే. అన్ని తరగతుల్లో 2019-20 నాటికి ఇనూయిట్ భాషలో చదువు చెప్పాలని 2008లో చట్టం చేసుకున్నారు. గడువు దాటింది. 2020లో సొంత శాసనసభే దాన్ని 2039 దాకా జరిపింది! టీచర్లు లేరన్నారు. నిజమే, లేరు. మరి అన్నేళ్లు టీచర్లను ఎందుకు తయారు చేయలేదు? 2021లో ఇనూయిట్ల సంస్థే తమ ప్రభుత్వం మీద కోర్టుకెక్కింది.

2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల 2032లో బడి ముగిస్తది. అప్పటికి గడువు ఇంకా ఏడేళ్లుంటది. ఆలోపు ఆ పిల్లకు భాష చెప్పాల్సింది ఇంట్లో అవ్వే.